కారు నెత్తిన కిర్రుమంటే...

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ 1998 నవంబరు 22న ప్రారంభమైన రోజుల్లో మధ్యతరగతి ఇంటి ముందు కారంటే మారుతీ 800. దాని నెత్తిన ఉండేది ఉత్త రేకు! ఇవాళ అదే దారిలో సిగ్నల్ దగ్గర ఆగి చూడండి. ఎన్ని కార్ల మీద నల్లటి అద్దాలో! 2020 క్రెటాలో పైకప్పు చాలా భాగం అద్దమే అయింది. 2022 బ్రెజాతో మారుతీ కారుకూ సన్‌రూఫ్ వచ్చింది. ఆకాశం కనిపించే కారు కావాలని పిల్లలు పేచీ పెడితే, వాయిదా ఇంకాస్త పెరిగినా సరేనని కొనేస్తున్నాం.

కొన్నాళ్లు ముచ్చటగానే ఉంటుంది. రెండు వేసవులు గడిచాక మొదలవుతుంది అసలు కథ. స్పీడ్ బ్రేకర్ ఎక్కితే కిర్రు, దిగితే టకటక. 'పాటల సౌండ్ పెంచు, వినపడదు' అంటారు ఇంట్లో. 'ఇది మామూలే మేడమ్' అంటారు సర్వీస్ సెంటర్‌లో.

గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే స్నేహితురాలొకరికి ఇంకో మాట కూడా వినపడింది. కారు ఆమె పేరు మీదే ఉంది, వాయిదాలు ఆమె జీతంలోంచే పోతున్నాయి. అయినా కౌంటర్‌లోని అబ్బాయి చెప్పిందంతా విని, 'సార్‌ని ఒకసారి రమ్మనండి మేడమ్, ఆయనకు చెబుతాం' అన్నాడట! ఆమె పళ్లు బిగించి ఇంటికొచ్చేసింది. వచ్చే ఆదివారం స్వయంగా పని పట్టింది. కిర్రు పోయింది. టకటక మాత్రం పోలేదు. అయితే ఆ చప్పుడు ఎక్కడిదో ఈసారి ఆమెకు తెలుసు. మళ్లీ వెళ్లి, వేలు పెట్టి చూపించి, వారంటీలో బాగు చేయించుకుంది.

అసలీ చప్పుడు ఎందుకొస్తుంది? ప్రెషర్ కుక్కర్ వాడే ఏ ఇల్లాలికైనా ఇది చిటికెలో అర్థమయ్యే సంగతి. కుక్కర్ మూతకు గాస్కెట్ ఎలాగో, ఈ అద్దానికి చుట్టూ రబ్బరు బీడింగు అలాగ. ఏప్రిల్, మే ఎండలో ఆఫీసు ముందు రోజంతా కారు నిలబడితే ఆ రబ్బరు పొడిబారుతుంది. కోకాపేట, నార్సింగి వైపు లేస్తున్న భవనాల దుమ్ము దాని మీద పేరుకుంటుంది. ఎండిన రబ్బరు అద్దానికి రాసుకుంటే కిర్రుమనదూ మరి!

ముందు చప్పుడు జాడ పట్టుకోండి. కారు వేరొకరు నడుపుతుంటే మీరు వెనక సీట్లో కూర్చుని వినండి. లోపలి తెర మూసి ఒకసారి, తెరిచి ఒకసారి, అద్దం కొంచెం పైకి లేపి ఇంకోసారి. అద్దం లేపగానే కిర్రు ఆగిందంటే తప్పు చాలావరకు బీడింగుదే. తెరను చేత్తో పట్టుకుంటే టకటక ఆగితే ఆ తెర వదులైందన్నమాట. ఔటర్ రింగ్ రోడ్డు మీద అద్దం తెరిచి వేగంగా పోతుంటే చెవుల్లో 'డబ్ డబ్' మంటుందా? అది రోగం కాదు. ఖాళీ సీసా మూతి మీద గాలి ఊదితే శబ్దం వస్తుందే, అదే సంగతి. వెనక కిటికీ కాస్త దించితే తగ్గిపోతుంది.

ఇక శుభ్రం చేయడం. కారు నీడలో పెట్టి, అద్దం పూర్తిగా తెరిచి, ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి దగ్గరుంచుకోండి. అద్దం కదిలే చోట వేళ్లు పెడుతున్నాం కదా! గట్టి ఎత్తుపీట వేసుకోండి. కార్ షాంపూ కలిపిన నీళ్లలో మెత్తటి గుడ్డ ముంచి పిండి, బీడింగు చుట్టూ మడతల్లోకి పోనిచ్చి తుడవండి. ట్రాకుల్లోని మట్టిని పాత టూత్ బ్రష్‌తో తీసేయండి. అంతా బాగా ఆరాక, రబ్బరుకు పనికొచ్చే సిలికాన్ గ్రీజు వేలికి తీసుకుని పల్చగా, కాటుక పెట్టినంత పల్చగా రాయండి. ట్రాకులకు కారుతో వచ్చిన పుస్తకంలో ఏది చెప్పారో అదే వాడాలి. తర్వాత అద్దాన్ని రెండు మూడుసార్లు తెరిచి మూయండి.

ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె మాత్రం రాయకండి. దుమ్మును పట్టుకుని జిగురవుతుంది. కుట్టు మిషన్ నూనె రబ్బరును ఉబ్బిస్తుంది.

వానాకాలం రాకముందే ఇంకో పని ఉంది. అద్దం చుట్టూ పడిన నీళ్లు పోవడానికి మూలల్లో సన్నటి గొట్టాలుంటాయి. చెట్టు కింద ఆపిన కారులో వేపాకులు, పూరేకులు వాటిని మూసేస్తే నీళ్లు లోపలికి దిగుతాయి. ఒక్కో మూలలో చిన్న గ్లాసుతో కొద్దిగా నీళ్లు పోసి, కింద నేల మీద పడుతున్నాయో లేదో చూడండి. పడకపోతే ఇనుప తీగలు పొడవకండి. గొట్టం లోపల ఊడిపోతే కొత్త తంటా.

మన పని ఇక్కడితో ఆపాలి. అద్దం ఎత్తుపల్లాలు సరిచేయడం, మోటారు విప్పడం, పైకప్పు లోపలి గుడ్డను లాగడం వద్దు. చాలా కార్లలో ఆ అంచుల్లోనే ఎయిర్ బ్యాగులు మడిచి ఉంటాయి. అద్దం మీద పగులు కనిపిస్తే వెంటనే మెకానిక్ దగ్గరికే.

వెళ్లినప్పుడు మాత్రం వట్టి చేతులతో వెళ్లకండి. పక్కన కూర్చున్నవారితో చప్పుడును ఫోన్‌లో వీడియో తీయించండి. మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ చప్పుడొచ్చే రోడ్డు మీదే కారు నడిపి చూపండి. జాబ్ కార్డు మీద మీరు చెప్పిన మాటే రాయించండి. మొత్తం మార్చాలంటే ఏ భాగం, ఎందుకు, పాతది చూపిస్తారా అని అడగండి. అడగడానికి మొహమాటమెందుకు? డబ్బు మనది కాదూ!

కుట్టు మిషన్‌కు నూనె వేసింది, కుక్కర్‌కు గాస్కెట్ మార్చింది, మిక్సీ ఎందుకు మూలుగుతోందో చెవితో పట్టేసింది మన అమ్మలే. వాళ్లనెవరూ మెకానిక్ అనలేదు, అంతే. వంటింట్లో ఉంటే అలవాటు, గ్యారేజీలో ఉంటే విద్య అని ఎవరు విడదీశారో గానీ, ఆ గీతను మనమూ నమ్మేశాం. ఈ చిన్న పనితో నాలుగు డబ్బులు మిగలడం సరే. 'సార్‌ని రమ్మనండి' అన్నవాడికి 'నాకే చెప్పండి, నాకర్థమవుతుంది' అని తొణక్కుండా అనగలగడం అంతకన్నా పెద్ద లాభం.

మరొక్క మాట. చప్పుడు పోయింది కదా అని నడుస్తున్న కారులోంచి పిల్లల్ని తల బయట పెట్టి నిలబడనివ్వకండి. సడన్ బ్రేక్ పడితే వాళ్లను పట్టుకునేది ఏదీ ఉండదు. ఆకాశం సీట్లో కూర్చున్నా కనిపిస్తుంది, బెల్టు పెట్టుకుని!