వాసన చుక్కల్లో, పంచదార చెంచాల్లో

ఎండలు ముదిరేసరికి మన ఇళ్లలో షర్బత్ పొడుల హడావుడి మొదలవుతుంది కదండీ! ఈమధ్య బజార్లో గ్రీన్ టీ ఎసెన్సు కూడా దొరుకుతోంది. పోయిన వేసవిలో నేనూ అది వేసి నిమ్మ పొడి చేశాను. తెనాలి నుంచి రైల్లో రేపల్లె పిన్నిగారికి ఒక డబ్బా, బాపట్ల వదినగారికి ఒక డబ్బా పంపాను. రెండు డబ్బాలూ నాకు పాఠం చెప్పాయి.

రేపల్లె డబ్బా రాయిలా గడ్డకట్టింది. తప్పు నాదే. ఎసెన్సు తడి వస్తువు. పొడిలో తిన్నగా పోయకూడదు. ఇప్పుడిలా చేస్తున్నాను. అర కిలో పంచదారలోంచి రెండు పెద్ద చెంచాలు తీసి, అందులో ఎసెన్సు అయిదారు చుక్కలు వేసి వేళ్లతో నలుపుతాను. పళ్లెంలో పల్చగా పరిచి నీడన ఆరబెడతాను. ఎండలో పెడితే వాసన పోతుంది. బాగా ఆరాక మిగతా పంచదార, రెండు చిన్న చెంచాల నిమ్మ ఉప్పు, చిటికెడు ఉప్పు కలిపి పొడి కొట్టి, తడి లేని సీసాలో పోస్తాను. వాసన చాలకపోతే మళ్లీ ఇంకో చెంచా పంచదారకు పట్టించి కలపొచ్చు. ఎక్కువైతే మాత్రం చేదెక్కుతుంది, తీయలేం.

బాపట్ల సంగతి నవ్వులాట కాదు. వదినగారికి షుగరుంది. "గ్రీన్ టీ కదా, ఒంటికి మంచిదే" అని రోజూ రెండు గ్లాసులు తాగారట. పరీక్ష చేయిస్తే షుగరు బాగా పెరిగింది. గ్లాసుకు రెండు పెద్ద చెంచాల పొడి అంటే దాదాపు 25 గ్రాముల పంచదార! సీసా మీద పట్టీ చదివితే తెలుస్తుంది, చాలావాటిలో ఉండేది పరిమళమే, ఆకు గుణం కాదు. పంపేటప్పుడు ఆ ఒక్క మాట చెప్పనందుకు ఇప్పటికీ నొచ్చుకుంటాను.

ఇప్పుడు ఆవిడకు పొడి పంపడం లేదు. రెండు చిన్న చెంచాల గ్రీన్ టీ ఆకు అర లీటరు చన్నీళ్లలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున వడగట్టి, నిమ్మరసం పిండుకోమన్నాను. వేడినీళ్లలో కాచినంత చేదుండదు. రక్తం తక్కువగా ఉన్నవాళ్లు మాత్రం దీన్ని భోజనంతో తాగకండి. తిండిలోని ఇనుము ఒంటికి పట్టనివ్వదు. గంట ఎడం ఉంచండి.

మీరు ఎవరికైనా పొడి పంపితే డబ్బా మీద "ఇందులో పంచదార ఉంది" అని చీటీ అంటించండి. మరచిపోరు కదూ!