కొత్త విండోస్... పాత ఆట!

ఇంట్లో కంప్యూటర్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయించగానే పెద్దవాళ్లు 'హమ్మయ్య' అనుకుంటారు. పిల్లలు మాత్రం 'నా గేమ్ రావట్లేదు' అంటూ మొహం వేలాడేస్తారు. తప్పెవరిది... విండోస్‌దా, ఆటదా?

గ్రాండ్ తెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్... పెద్దల కోసం తీసిన గేమే అయినా కుర్రకారులో ఆ పేరు తెలియనివాళ్లు తక్కువ. కంప్యూటర్లకు 2005లో వచ్చింది. అందులో స్కిమ్మర్ అని ఓ బుల్లి విమానం ఉంటుంది. నీళ్లమీద వాలుతుంది, నీళ్లమీద నుంచే ఎగురుతుంది. ఎక్స్‌పీ, విస్టా, విండోస్ 7, 8, 10... ఎన్ని విండోస్‌లు మారినా అది మాత్రం తన చోట తాను హాయిగా తేలుతూనే ఉంది. అలాంటిది 2024 అక్టోబరులో విండోస్ 11కి 24హెచ్2 అనే పెద్ద అప్‌డేట్ వచ్చాక ఉన్నట్టుండి మాయమైపోయింది! పట్టుబట్టి దాన్ని రప్పించి ఎక్కితే, ఆటలో హీరో అంతులేనంత ఎత్తుకి వెళ్లిపోతున్నాడు.

ఇంకేం, 'కొత్త అప్‌డేట్ ఆటని పాడుచేసింది' అన్నారంతా. కానీ అసలు సంగతి వేరు.

చెరపని బోర్డు
సైలెంట్ అనే పేరుతో ఈ ఆటకు మరమ్మతులు చేసే ఓ ప్రోగ్రామర్ దీని గుట్టు విప్పి 2025లో వివరంగా రాశాడు. ఆటలోని ప్రతి వాహనానికీ ఓ ఫైల్లో ఒక్కో వరుస ఉంటుంది. చక్రాల సైజు ఎంతో కూడా అందులోనే రాస్తారు. స్కిమ్మర్ ఇంతకుముందు వచ్చిన వైస్ సిటీలోనూ ఉంది. అక్కడ దాన్ని పడవల లెక్కలో వేశారు. పడవకి చక్రాలుండవు కాబట్టి ఆ అంకెలూ లేవు. శాన్ ఆండ్రియాస్‌కి వచ్చేసరికి అది విమానమైంది. చక్రాల అంకెలు చేర్చడం మాత్రం మర్చిపోయారు.

మరి అన్నేళ్లు ఎలా పనిచేసినట్టు? బళ్లో ఒక మాస్టారు వెళ్తూ బోర్డు చెరపలేదనుకోండి. తర్వాత పీరియడ్‌లో ఓ పిల్లాడు తన లెక్కలో లేని అంకెని బోర్డు మీద ఉన్నదాంతో పూరించేశాడు. అదృష్టం కొద్దీ సరిపోయింది! అచ్చం అలాగే, స్కిమ్మర్ వరుసలో అంకె లేకపోయేసరికి మెమరీలో అంతకుముందు చదివిన వ్యాను తాలూకు చక్రాల సైజు మిగిలిపోయి ఉంటే గేమ్ దాన్నే వాడేసుకుంది. కొత్త అప్‌డేట్‌లో విండోస్ తన సొంత పనికి అదే చోటుని కాస్త ఎక్కువగా వాడుకోవడంతో పాత అంకె చెరిగిపోయి అడ్డదిడ్డమైన సంఖ్య వచ్చింది. విమానం కాస్తా గల్లంతైంది.

అంటే విండోస్ ఏ తప్పూ చేయలేదు. ఇరవయ్యేళ్లుగా కప్పిపడి ఉన్న తప్పు బయటపడిందంతే. ఆపరేటింగ్ సిస్టమ్ మారినప్పుడు ఆటలు ఆగిపోవడం వెనక చాలాసార్లు ఉండే కథ ఇదే. గేమ్ ఒంటరిగా నడవదు. తెలిసో తెలియకో కింద ఉన్న విండోస్ అలవాట్లమీద ఆనుకుని నడుస్తుంది. ఆ అలవాటు మారిందా... ఆట తడబడుతుంది.

ఆటకోసం విండోసే తగ్గింది!
ఒకప్పుడు ఆ తడబాటు జనం కంట పడకుండా విండోసే సర్దుకుపోయేది. నగరాలు కట్టే సిమ్‌సిటీ గేమ్ సంగతే చూడండి. వాడుకుని తిరిగి ఇచ్చేసిన మెమరీని మళ్లీ చదవడం దానిలో ఉన్న లోపం. ఇల్లు ఖాళీ చేశాక కూడా పాత తాళంచెవితో లోపలికి వెళ్లినట్టన్నమాట. పాత విండోస్‌లో ఆ ఇల్లు అలాగే ఖాళీగా ఉండేది కాబట్టి గొడవ లేదు. విండోస్ 95 వచ్చేసరికి ఖాళీ అయిన చోటు వెంటనే వేరేవాళ్లకి వెళ్లిపోతోంది. దాంతో గేమ్ కుప్పకూలేది. అప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్లు చేసిన పని తెలుసా? నడుస్తున్నది సిమ్‌సిటీయేనా అని కనిపెట్టి, అయితే గనక మెమరీని వెంటనే వేరేవాళ్లకి ఇవ్వకుండా ఉండేలా విండోస్‌లోనే ప్రత్యేకంగా కోడ్ రాశారు! జోయెల్ స్పోల్‌స్కీ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు చెప్పాక ఈ ముచ్చట లోకానికి తెలిసింది.

జనం కొత్త విండోస్ కొనాలంటే పాత ఆట ఆడి తీరాలి. అదీ ఆ శ్రద్ధ వెనకున్న లెక్క.

బంతి దయ్యమైంది
అన్నిసార్లూ అలా కుదరదు. విండోస్ ఎక్స్‌పీతో పాటు ఉచితంగా వచ్చిన పిన్‌బాల్ ఎంతమందికి గుర్తుంది? ఆఫీసుల్లో మధ్యాహ్నం భోజనాల వేళ, ఇళ్లలో నెట్ కనెక్షన్ లేని రోజుల్లో అదే కాలక్షేపం. 2007లో విస్టా వచ్చేసరికి ఆ ఆట లేదు. ఏమైందో మైక్రోసాఫ్ట్ ఇంజినీరు రేమండ్ చెన్ 2012లో చెప్పారు. 64 బిట్ కంప్యూటర్ల కోసం దాన్ని మారుస్తుంటే బంతి దేనికీ తగలకుండా దయ్యంలా అన్నింటిలోంచీ దూరిపోయిందట! ఆ గేమ్ రాసింది బయటి కంపెనీ. కోడ్‌లో ఏ భాగం ఏం చేస్తుందో వివరించే మాటలు దాదాపు లేవు. మార్చాల్సిన కోడ్ ఇంకా లక్షల లైన్లు ఉండటంతో ఈ ఒక్క ఆట దగ్గరే కూర్చోలేక దాన్ని తీసేశామన్నది ఆయన మాట.

ఇంకొన్ని ఆటలను కావాలనే ఆపాల్సి వచ్చింది. 2000 ప్రాంతంలో సీడీల మీద వచ్చిన చాలా గేములకు కాపీ కొట్టకుండా సేఫ్‌డిస్క్ అనే తాళం ఉండేది. ఆ తాళం పనిచేయాలంటే విండోస్ లోలోపలి పొరల్లోకి ఓ డ్రైవర్ వెళ్లి కూర్చోవాలి. అందులోని లొసుగుల్ని హ్యాకర్లు వాడుకునే ప్రమాదం ఉంది. అందుకే సత్య నాదెళ్ల పగ్గాలు చేపట్టాక 2015లో వచ్చిన విండోస్ 10 దాన్ని గుమ్మంలోనే ఆపేసింది. ఫలితం... డబ్బు పెట్టి అసలు సీడీ కొన్నవాళ్లకే ఆట రాకుండా పోయింది!

ఇక డాస్, విండోస్ 3.1 కాలం నాటి 16 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో నేరుగా నడవవు. విండోస్ 11 వచ్చిందే 64 బిట్‌లో. కాబట్టి వాటికి అందులో చోటు లేదు. డాస్ ఆటల్ని మాత్రం డాస్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇప్పటికీ ఆడుకోవచ్చు. ఆపిల్ ఇంకా కఠినం. 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ కేటలీనా 32 బిట్ ప్రోగ్రాములన్నింటినీ ఒక్కసారిగా పక్కన పెట్టేసింది. ఎన్నో ఆటలు ఆ ఒక్క అప్‌డేట్‌తో మూగబోయాయి.

వేగం పెరుగుతుందా?
'కొత్త విండోస్ వేస్తే గేమ్ స్పీడ్‌గా నడుస్తుంది నాన్నా' అని పిల్లలు ఊరిస్తుంటారు. ఆట వేగాన్ని ముఖ్యంగా తేల్చేది గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్, ర్యామ్. అవే ఉంచి విండోస్ ఒక్కటే మారిస్తే పెద్ద తేడా ఆశించకూడదు. ఒక్కోసారి తగ్గొచ్చు కూడా. 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చిన కొత్తలో ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లున్న కంప్యూటర్లలో కొన్ని గేములు 10 నుంచి 15 శాతం దాకా నెమ్మదించే అవకాశం ఉందని ఆ కంపెనీయే ఒప్పుకుంది. ఆ నెలలోనే సవరణ వచ్చింది.

మరో చిక్కు, భద్రత. విండోస్ 11లో మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఉంటుంది. అది గేమ్ వేగాన్ని కొంత తగ్గించొచ్చని, కావాలంటే ఆడేటప్పుడు ఆపుకుని తర్వాత మళ్లీ పెట్టుకోవచ్చని మైక్రోసాఫ్టే 2022లో చెప్పింది. ఆటలకు మాత్రమే వాడే కంప్యూటర్ అయితే ఒక దారి. అదే కంప్యూటర్‌లో నాన్న బ్యాంకు లావాదేవీలు, అమ్మ కరెంటు బిల్లు, అక్క ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా నడుస్తుంటే? నాలుగు ఫ్రేముల కోసం ఆ తలుపు తెరిచి పెట్టడం తెలివైన పని కాదు. పిల్లలు ఆపి, మళ్లీ పెట్టడం మర్చిపోయారేమో చూడాల్సిందీ పెద్దలే.

ఉన్నచోటే ఉంటే?
'ఈ గోలంతా ఎందుకు, పాతదే ఉంచేద్దాం' అనుకుంటే అక్కడా చిక్కే. ఆటలు అమ్మే స్టీమ్ సంస్థ 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8, 8.1లకు మద్దతు మానేసింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు భద్రతా అప్‌డేట్లు ఇస్తామని అప్పట్లో ప్రకటించింది. అవి అందని కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేయడం, గొళ్లెం లేని తలుపు పెట్టుకుని నిద్రపోవడం లాంటిది.

మరోవైపు కొత్త ఆటలు కొత్త షరతులు పెడుతున్నాయి. దొంగాట ఆడేవాళ్లను పట్టుకోవడానికి వాలరెంట్ గేమ్ విండోస్ 11లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ అనే ఏర్పాటు రెండూ ఉండాలంటుంది. 2025లో వచ్చిన బాటిల్‌ఫీల్డ్ 6 సెక్యూర్ బూట్ అడిగింది. అదే ఏడాది కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ 7 రెండూ అడిగింది. విండోస్ 11కి కూడా ఈ చిప్ కావాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం, ఆపైది ఉండాలి. నిన్నమొన్నటి దాకా చక్కగా నడిచిన కంప్యూటర్ కూడా ఈ లెక్కలో 'పనికిరానిది' అయిపోవచ్చు. అలాంటివాటిలో అడ్డదారిన విండోస్ 11 వేసిపెడతామనే మెకానిక్‌లూ ఉంటారు. అలా వేసినవాటికి అప్‌డేట్లు తప్పకుండా వస్తాయన్న భరోసా మైక్రోసాఫ్ట్ ఇవ్వడంలేదు. చిప్ లేకపోతే, ఆ షరతు పెట్టే ఆట ఎలాగూ తెరుచుకోదు.

మార్చేముందు...
* మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ నడిపితే మీ కంప్యూటర్ విండోస్ 11కి సరిపోతుందో లేదో చెప్పేస్తుంది. షాపుకి వెళ్లేముందే చూసుకోండి.

* ఇంట్లో నిజంగా ఆడే ఆటల జాబితా రాయమని పిల్లలకు చెప్పండి. ఒక్కో గేమ్ తయారీదారు ఏ విండోస్ కావాలంటున్నారో చూడండి. సీడీల మీద కొన్న పాత ఆటలుంటే వాటి పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోండి.

* ఆటలో ఎక్కడిదాకా వచ్చారో దాచే 'సేవ్' ఫైళ్లు చాలా గేముల్లో డాక్యుమెంట్స్ ఫోల్డర్లో ఉంటాయి. ఫొటోలతో పాటు వాటినీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. పెద్దలకు అది ఫైలే కావచ్చు, పిల్లలకు నెలల కష్టం.

* పాతదాని మీదే అప్‌గ్రేడ్ చేస్తే, నచ్చకపోతే 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లోని రికవరీకి వెళ్లి వెనక్కి రావచ్చు. ఫార్మాట్ చేసి కొత్తగా వేయిస్తే ఆ అవకాశం ఉండదు. మెకానిక్‌కి కంప్యూటర్ అప్పగించేముందే ఈ సంగతి మాట్లాడుకోవాలి. ఆ పది రోజుల్లో జాబితాలోని ఆటలన్నీ ఒకసారి తెరిచి చూడాలి.

* అప్‌గ్రేడ్ అయ్యాక గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్‌ని దాని తయారీ కంపెనీ వెబ్‌సైట్ నుంచే తీసుకోవాలి. ఆట అప్పటికీ తెరుచుకోకపోతే దాని ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లోని కంపాటిబిలిటీలో పాత విండోస్ పేరు ఎంచుకుని చూడాలి. కొన్ని ఆటలు అంతటితోనే లేచి కూర్చుంటాయి.

* సెక్యూర్ బూట్ కోసం బయాస్‌లో చేయి పెట్టడం పిల్లలకు వదలొద్దు. పాత పద్ధతిలో సిద్ధం చేసిన హార్డ్ డిస్క్‌ని మార్చకుండా సెట్టింగ్ మాత్రమే మారిస్తే విండోస్ అసలు మొదలే కాదు.

* పెద్ద అప్‌డేట్ వచ్చిన రోజే వేసుకోవాలని లేదు. 24హెచ్2 వచ్చినప్పుడు అసాసిన్స్ క్రీడ్ వరుసలోని కొన్ని గేములు మొరాయిస్తే, అవి ఉన్న కంప్యూటర్లకు ఆ అప్‌డేట్ వెళ్లకుండా మైక్రోసాఫ్టే తాత్కాలికంగా ఆపింది. కొన్ని వారాలు ఆగితే ఇలాంటివి చాలావరకు సర్దుకుంటాయి. భద్రతా అప్‌డేట్లు మాత్రం వాయిదా వేయకూడదు.

ఇన్ని చేసినా ఏదో ఒక పాత ఆట మిగిలిపోవచ్చు. అటకమీద పాత కంప్యూటర్ ఉంటే దాన్ని దింపి, నెట్ కనెక్షన్ ఇవ్వకుండా, పాత విండోస్‌తోనే ఆటలకు వదిలేయొచ్చు. బ్యాంకు పాస్‌వర్డులకు మాత్రం దాన్ని దూరంగా ఉంచాలి. కొన్ని పాత సీడీ గేములు తాళం తీసేసిన రూపంలో ఆన్‌లైన్‌లో మళ్లీ అమ్మకానికి వచ్చాయి, వెతికితే దొరుకుతాయి.

అన్నట్టు... మాయమైన స్కిమ్మర్ కూడా తిరిగొచ్చింది. లేని అంకెల్ని చేర్చి సైలెంటే మరమ్మతు ఫైల్ ఇచ్చాడు. ఫైల్లోని ఆ ఒక్క వరుసని చేత్తో సరిచేసుకున్నా చాలు, విమానం మళ్లీ నీళ్లమీద తేలుతుంది.