పసుపు గుళిక పోపుల డబ్బాలోది కాదు

రక్తం పలచన చేసే మాత్రలు వాడేవాళ్లు ఆకుకూరలు పూర్తిగా మానాలని, పసుపు క్యాప్సూల్స్ మాత్రం 'సహజం' కాబట్టి నిర్భయంగా వేసుకోవచ్చని మీ ఆదివారం వ్యాసంలో రాశారు. రెండూ తలకిందులే.

గుండె కవాటం మార్చినప్పటి నుంచి నేను రక్తం పలచన చేసే అసిట్రోమ్ మాత్ర వాడుతున్నాను. తోటకూర, పాలకూర మానలేదు. వాటిలోని విటమిన్ కె మందు పనిని తగ్గిస్తుంది, నిజమే. అందుకే వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినమంటారు డాక్టర్లు. నెల్లాళ్లు మానేసి, ఆనక రెండు పూటలా లాగించేస్తేనే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూపే కొలత) గాడి తప్పేది.

ఇక పసుపు. పప్పులో వేసే చిటికెడు వేరు. పసుపులోని కుర్‌కుమిన్‌ను సాంద్రం చేసి, ఒంటికి పట్టాలని మిరియాల సారం కూడా కలిపే గుళిక వేరు. అసిట్రోమ్ కోవకే చెందిన వార్ఫరిన్ వాడుతున్న ఒక రోగికి పసుపు ఉత్పత్తి మొదలెట్టిన కొన్ని వారాలకే ఐఎన్ఆర్ 10 దాటిందని న్యూజిలాండ్ మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. చాలామందికి అది 2, 3 మధ్య ఉండాలి. పది దాటితే ఎక్కడ రక్తస్రావం అవుతుందో చెప్పలేం, మెదడులోనూ కావచ్చు. ఈ ప్రమాదం గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేదు.

'సహజం' అన్నంత మాత్రాన నేను ఏదీ వేసుకోను. మా అబ్బాయి అమెరికా నుంచి తెచ్చిన చేపనూనె సీసా బీరువాలోనే ఉంది. డాక్టరుకు చూపించాకే మూత తీస్తాను.

— ఒక పాఠకురాలు, తెనాలి