ఎవరైనా రాయవచ్చు, ఆధారం మాత్రం చూపాలి

ప్రభుత్వ కార్యాలయంలో ఫైలు నడిచే తీరు నాకు చిరపరిచితం. గుమాస్తా నోటు రాస్తాడు, సూపరింటెండెంటు దిద్దుతాడు, పై అధికారి సంతకంతో అదే సత్యంగా స్థిరపడుతుంది. తెలుగు వికీపీడియాలో ఆ పై అధికారి లేడు. ఎవరు ఏ వాక్యం చేర్చారో, ఎవరు తొలగించారో తేదీతో సహా ‘చరిత్ర’ పుటలో నిలిచి ఉంటుంది. భేదాభిప్రాయం వస్తే చర్చలోనే తేల్చుకోవాలి. రాసేవారికి జీతమూ లేదు, ఆజ్ఞాపించేవారూ లేరు.

ఈ స్వేచ్ఛ వెనుక ఒక సిద్ధాంతం ఉంది. జ్ఞానం ఏ ఒక్క కేంద్రంలోనూ సమగ్రంగా ఉండదనీ, అసంఖ్యాక జనుల వద్ద తునకలుగా చెదిరి ఉంటుందనీ ఆర్థికవేత్త హయెక్ 1945లో వాదించారు. 2001లో వికీపీడియా స్థాపకులలో ఒకరైన జిమ్మీ వేల్స్ తన ఆలోచనకు ఆ వ్యాసమే ఆధారమన్నారు. కొమర్రాజు లక్ష్మణరావుగారంతటి పండితుడు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం 1923లో ఆయన కన్నుమూసేనాటికి తొలి సంపుటాల వద్దే నిలిచిపోయింది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా సామాన్యుల చేతుల్లో నేటికీ పెరుగుతూనే ఉంది.

ఇందులో మన వాటా ఎంత? మానుకోట ప్రాంతంలో పుట్టి, ‘ఇమ్రోజ్’ పత్రికతో రజాకార్లను ఎదిరించి 1948 ఆగస్టులో హతుడైన షోయబుల్లాఖాన్, విసునూరు దేశ్‌ముఖ్‌ను ధిక్కరించి ప్రాణమిచ్చిన షేక్ బందగీ మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

సంఖ్యాబలం ఉన్నవారిదే అక్కడ పైచేయి కదా అని కొందరు మిత్రులు సందేహిస్తున్నారు. ఆ భయం నిరాధారం కాదు. అయితే అక్కడి నియమం ప్రకారం నిర్ణయించవలసింది ఓట్లు కాదు, ఆధారాలు. మన అసలు బలహీనత అక్కడే ఉంది. మన చరిత్రలో అధికభాగం ఇళ్లలోని ఉర్దూ కాగితాలలో, గోరీలపై చెక్కిన రాతలలో, వృద్ధుల జ్ఞాపకాలలో ఉంది. ప్రచురితం కానిది అక్కడ నిలవదు.

స్వేచ్ఛ ఇరువైపులా పదునున్న కత్తి. ఖాసిం రజ్వీ గురించిన చేదు నిజాలను తుడిచివేయమనే హక్కు మనకు లేదు. షోయబుల్లాఖాన్‌ను మరుగుపరచి ముస్లిములందరినీ రజాకార్లతో జమకట్టే హక్కు ఇతరులకూ లేదు. పొగడ్తను మనమూ మానాలి, నిందను వారూ మానాలి. మూలం చూపినదే మిగలాలి.

ఇందుకు ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడనక్కరలేదు. ఉర్దూ చదవగల పెద్దలూ, తెలుగు టైపు చేయగల యువతీయువకులూ వారానికొక సాయంత్రం ఒకే బల్ల వద్ద కూర్చోవాలి. ముందుగా ఆ కాగితాలను అనువదించి అచ్చు వేయించాలి. ఆ పుటలను మూలాలుగా చూపి ఎవరైనా రాయవచ్చు. ఉర్దూ చదవగల ఆ తరం మన మధ్య ఉండగానే ఈ పని పూర్తి కావాలి.