పియానో సరే, శ్రుతి చేసేదెవరు?

నిరుడు మే నెలలో ఒకరోజు పొద్దున్నే ఎల్లారెడ్డి నుంచి మా బావ ఫోన్.

"బామ్మర్దీ, సికింద్రాబాద్‌ల ఒక పియానో ఉన్నదట. అసలు పియానో. అరవై వేలకిస్తరట. ఇక్కడ బండి కూడా మాట్లాడి పెట్టిన. నువ్వు పట్నంలనే ఉంటివి గదా, ఒక్కసారి చూసి ఊ అను, తెచ్చుకుంట."

ఆయన గొంతులో మంచి ఎడ్లజత బేరం కుదిరినంత సంబరం. కాదనడానికి నాకు నోరు రాలేదు.

సంగతేమిటంటే మా మేనకోడలు ఎనిమిదో తరగతి. రెండేళ్లుగా ఆదివారం ఆదివారం నలభై కిలోమీటర్లు బస్సులో కామారెడ్డికి పోయి కీబోర్డు నేర్చుకుంటున్నది. ఇంట్లో ఉన్నది 61 మెట్ల కేసియో. (మన దిక్కు కంపెనీ ఏదైనా కేసియోనే. బరాత్ బండి మీద మోగేదీ కేసియోనే, గుళ్లో భజనకు మోగేదీ కేసియోనే.) నేర్పే సారు ఒకనాడు బావను పక్కకు పిలిచి, "పిల్లకు చెవి ఉన్నది. కానీ వేళ్లు ఈ తేలిక మెట్లకు అలవాటు పడిపోతున్నాయి. ముందుకు పోవాలంటే పియానో మీద సాధన చేయాల్సిందే" అన్నాడట. ఆ మాటలో నిజముంది. ట్రినిటీ వాళ్ల పరీక్షల్లోనే చూడండి, ఎలక్ట్రానిక్ కీబోర్డు ఒక సబ్జెక్టు, పియానో వేరే సబ్జెక్టు. మెట్టును ఎంత బలంగా నొక్కితే అంత గట్టిగా, ఎంత మెల్లగా తాకితే అంత మెత్తగా పలకడం పియానో గుణం. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టొఫోరి అనే ఆయన దాన్ని తయారు చేసిందే అందుకు.

నాకు పియానో గురించి తెలిసింది పాత సినిమాల వరకే. హీరోయిన్ పుట్టినరోజు పార్టీలో హీరో కోటు వేసుకుని కూర్చుని మనసు విరిగిన పాట పాడతాడే, ఆ పియానో. అందుకని నలుగురిని అడిగి, పియానోలు శ్రుతి చేసే ఒక పెద్దాయనను పట్టుకున్నాను. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. చేతిలో చిన్న సంచి, అందులో తాళంచెవి లాంటి ఒక పనిముట్టు, రబ్బరు ముక్కలు, టార్చి లైటు. ఆటోలో పోతుంటే అడిగాడు.

"ఎక్కడికి తీస్కపోతరు?"

"ఎల్లారెడ్డి. కామారెడ్డి అవతల, నిజాంసాగర్ దిక్కు."

"అక్కడ ట్యూన్ చేసేదెవరు?"

నేను సమాధానం చెప్పలేదు. ఆ ప్రశ్న ఒకటుంటుందని అప్పటిదాకా నాకు తోచలేదు.

పియానో ఉన్న ఇల్లు పాతది, ముచ్చటైనది. ఇంటివాళ్ల పిల్లలు విదేశాల్లో స్థిరపడ్డారు, వాయించేవాళ్లు లేరు. హాలులో గోడకు ఆనించి నల్లగా నిగనిగలాడుతూ నిలబడి ఉంది. బావకు వాట్సాప్‌లో ఫోటో పంపితే క్షణంలో మూడు దండాలు తిరిగొచ్చాయి. పెద్దాయన మాత్రం ఆ నిగనిగను చూడనైనా చూడలేదు. పై మూత ఎత్తాడు. కింది పలక ఊడదీశాడు. నేల మీద బోర్లా పడుకుని టార్చి వేశాడు.

లోపల చూస్తే నాకు కళ్లు తిరిగాయి. పియానోకు 88 మెట్లు, 52 తెల్లవి, 36 నల్లవి. కానీ తీగలు 88 కాదు, దాదాపు 230. బొంగురు స్వరాలకు ఒక్కో తీగ, ఆ పైన రెండు, నడిమి నుంచి చివరిదాకా ఒక్కో మెట్టుకు మూడేసి. అన్నింటి బిగువు కలిపితే పదిహేను, ఇరవై టన్నుల దాకా ఉంటుంది. నిండుగా ఇసుక పోసిన లారీ బరువు ఆ పెట్టెలో రాత్రింబవళ్లు లాగుతూనే ఉంటుందన్నమాట. దాన్ని ఆపేది లోపలి పోత ఇనుప చట్రం. తీగల చివరలు చుట్టిన మేకులు మాత్రం చెక్కలో దిగి ఉంటాయి. ఆ చెక్క పట్టు సడలితే మేకు నిలవదు, శ్రుతి నిలవదు. చట్రంలో సన్న పగులు కనిపిస్తే బేరం అక్కడే ఆపేయాలట.

పెద్దాయన ఎడమ చివర నుంచి ఒక్కో మెట్టూ నొక్కుకుంటూ వచ్చాడు. నడిమి మెట్ల దగ్గర ఆగి "విను" అన్నాడు. ఒకే మెట్టు, కానీ శబ్దం తిన్నగా లేదు, ఊగుతున్నది. మూడు తీగలు మూడు దార్లు పట్టినప్పుడు అట్లా వినపడుతుంది. శ్రుతి చేస్తే అది పోతుంది, పెద్ద దోషం కాదు. తన పనిముట్టుతో ఒక మేకు తిప్పి చూశాడు, తర్వాత ఇంకొకటి, తర్వాత పది. వెన్నలో పుల్ల తిరిగినట్టు తిరిగినయి. అది పెద్ద దోషం. ఆ తర్వాత కింద వెనక మూలన టార్చి వెలుగులో సన్నటి మట్టి గీత చూపించాడు. చెదలు. తెలంగాణలో ఎవరికీ పరిచయం చేయనక్కర లేని చుట్టం.

"అరవై వేలు దీనికి కాదు, దీని ఫర్నీచరుకు" అన్నాడు పెద్దాయన, ఇంటివాళ్లు వినకుండా.

బావకు ఫోన్ చేసి చెబితే అవతల చాలాసేపు చప్పుడు లేదు. "బిడ్డకు చెప్పేసిన గదనే" అన్నాడు చివరకు. ఆ మాట నాకింకా గుర్తుంది. డబ్బు పోలేదన్న సంతోషం కంటే బిడ్డకు మాట తప్పినట్టయిందన్న బాధే ఎక్కువున్నది ఆయనకు.

సరే, బాగున్న పియానోనే దొరికిందనుకుందాం. రెండు వందల కిలోలకు పైన బరువు. ఎల్లారెడ్డికి రైలు లేదు, లారీయే దిక్కు. నిలబెట్టే తేవాలి. దించినాక రెండు మూడు వారాలు ముట్టకుండా ఇంటి గాలికి అలవాటు పడనివ్వాలి, ఆ తర్వాతే శ్రుతి. అక్కడి నుంచి ఏడాదికి కనీసం రెండుసార్లు, కొత్తదైతే మొదటి ఏడు ఇంకా ఎక్కువసార్లు. ప్రతిసారీ పట్నం నుంచి మనిషి రావాలి. ఆయన చార్జీ, రానుపోను ఖర్చు, ఒక పూట భోజనం. బద్ధకించి నాలుగేళ్లు వదిలేస్తే శ్రుతి దిగిపోతుంది. ఒకేసారి పైకి లాగబోతే తీగలు తెగుతాయి. అందుకే నేను ఇప్పుడు ఎవరడిగినా చెప్పేదొక్కటే, పియానో వెతికే ముందు ట్యూనర్‌ను వెతకండి. ఆయన మీ ఊరికి వస్తానంటేనే మిగతా మాటలు.

ఇక మన వాతావరణం. పియానో అంటే చెక్క, ఉన్ని బట్ట, ఇనుము. లోపలి స్వరపలక చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఉబ్బితే తీగలు బిగిసి శ్రుతి ఎక్కుతుంది, ముడుచుకుంటే దిగుతుంది. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య నిలకడగా ఉంటే దానికి హాయి. మే నెలలో మన దగ్గర పెదవులు పగిలే పొడి, జులై వచ్చేసరికి ఉప్పు డబ్బాలో ఉప్పు నీరు కారే తేమ. దీనికి తోడు మనవాళ్లకు ఎయిర్ కూలర్ ఒకటి. పగలంతా పొడి, కూలర్ వేయగానే గదంతా తడి, ఆపగానే మళ్లీ పొడి. పెద్దాయన చెప్పినదాంట్లో నాకు కొత్తగా తోచింది ఇదే. వాన కంటే కూలరే పియానోకు ఎక్కువ చేటు. కూలర్ గదిలో పియానో పెట్టనే కూడదు.

తేమ ఎక్కువుండే చోట్ల పియానో అడుగున సన్నటి హీటర్ కడ్డీ పెట్టుకునే అలవాటుంది. పాతరోజుల్లో చిన్న బల్బు వెలిగించి పెట్టేవారట. మన ఇళ్లలో దానికంటే ముందు చేయాల్సినవి వేరే. బయటి గోడకు, అందులోనూ వానకు నెమ్మెక్కే గోడకు ఆనించకండి. లోపలి గోడకు జానెడు ఎడం వదలండి. కిటికీ ఎండ నేరుగా పడకూడదు. దేవుడి గూటి పక్కన వద్దు, అగరుబత్తి పొగ, నూనె మసి లోపలికి పోతాయి. సుత్తుల మీది ఉన్ని బట్టను చిమ్మెటలు తింటాయి, ఎలుకలు గూటికి ఎత్తుకుపోతాయి. నాలుగు నెలలకోసారి కింది పలక తీసి చూడండి. మెట్లను కాస్త తడిపి పిండిన బట్టతో తుడవాలి. నిగనిగలాడాలని కొబ్బరినూనె రాసేవాళ్లున్నారట, వాళ్లకో దండం. పియానో మీద పూలకుండీ, టీ గ్లాసు అసలే వద్దు. మనింట్లో ఖాళీగా ఉన్న ఏ బల్ల మీదైనా మూడో రోజుకు పెళ్లి పత్రికలు, మందు గోలీల డబ్బా చేరతాయి కదా, ముందే హెచ్చరిస్తున్నాను.

చివరికి బావ ఏం కొన్నాడంటే, డిజిటల్ పియానో. 88 మెట్లు, లోపల బరువు అమర్చినవి, నొక్కితే అసలు పియానోలా చేతికి ఎదురునిలిచేవి. ఇవి సుమారు నలభై, యాభై వేల నుంచి మొదలవుతాయి. కొత్త అసలు పియానో అయితే మూడు లక్షల పైమాటే. దుకాణంలో అడగాల్సింది పాటలెన్ని, లైట్లెన్ని అని కాదు. మెట్లు 88 ఉన్నాయా, బరువున్నాయా, తాకిడిని బట్టి శబ్దం మారుతుందా, కాలి పెడల్ సరైనదేనా, బాగుచేసేవాళ్లు ఎంత దగ్గర్లో ఉన్నారు. ఇవి అడగండి చాలు. గట్టి స్టాండు, మోచేతులు మెట్ల ఎత్తుకు వచ్చే బల్ల కూడా కొనండి. మంచం మీద పెట్టుకుని వాయిస్తే నడుము పోతుంది, చేయి చెడుతుంది.

దీనికి శ్రుతి చేయించే పని లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే తొమ్మిదింటికే పడుకునే తాతకు నిద్రాభంగం లేదు. లోపాలు లేవని కాదు. చెక్క పెట్టె మొత్తం అదిరి ఒంటికి తాకే ఆ గుంయిమనడం ఇందులో రాదు. మంచి పియానో యాభై ఏళ్లు బతుకుతుంది, ఇది పదీ పదిహేనేళ్ల తర్వాత విడిభాగాలు దొరకక మూలన పడుతుంది. కరెంటు హెచ్చుతగ్గులు దీనికి చెదల లెక్క. కంపెనీ అడాప్టరే వాడాలి, ఉరిమితే ప్లగ్గు పీకేయాలి, వాయించడం అయిపోగానే బట్ట కప్పాలి.

మేనకోడలు మొదటి వారం ఏడుపు మొహం పెట్టింది. "మామా, వేళ్లు నొస్తున్నయి" అని ఫోన్. మెట్టు బరువు అప్పుడు తెలిసింది పిల్లకు. నెల తిరిగేసరికి పాత కేసియో ముట్టుకుంటే బొమ్మలా ఉందన్నది.

ఆ తర్వాత 2025 ఆగస్టు చివర వాన. కామారెడ్డి వాళ్లకు చెప్పేదేముంది. కాలనీలు మునిగాయి, రైలు కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి. పిల్ల నేర్చుకునే చోట నేల మీద పెట్టిన రెండు కీబోర్డులు బురదనీళ్లలో నానిపోయాయి. సారు వాటిని ఎండబెట్టి చూశాడు, ఒకటి సగం మెట్లు పలికిందట, ఇంకోటి అసలే లేదు. ఎల్లారెడ్డిలో మా వాళ్లింట్లోకి నీళ్లు రాలేదు గానీ ఉత్తరపు గోడ నిలువునా నెమ్మెక్కింది. బావ మొదట పియానో పెట్టాలనుకున్నది ఆ గోడకే. "ఆ పెద్దాయన బతికిచ్చిండు పో" అన్నాడు. డిజిటల్ పియానో స్టాండు మీద, ప్లగ్గు పీకి, లోపలి గదిలో భద్రంగా ఉంది.

ఆ వానల్లో రెండు రోజులు సరిగా కరెంటు లేదు. పిల్ల మోగని మెట్ల మీదే టకటకా సాధన చేస్తుంటే చూసి, మా బావ వాళ్ల నాయన అటక మీంచి తన హార్మోనియం దింపించాడట. ఒకప్పుడు భజనలో వాయించిన మనిషి. పందొమ్మిదో శతాబ్దంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ ఒక చేత్తో తిత్తి కొడుతూ ఇంకో చేత్తో వాయించేలా మలిచిన పెట్టె అది. గమకం పలకదని 1940 నుంచి 1971 దాకా రేడియో వాళ్లు గేటు బయట నిలబెట్టారు గానీ, చిందు యక్షగానాలు, భజనలు, పద్యనాటకాలు దాన్ని వదల్లేదు. ఎందుకు వదులుతాయి, చంకలో పెట్టుకుని ఊరూరా తిరగొచ్చు. తీగలు కాదు, ఇత్తడి రీడ్లు కాబట్టి మాటిమాటికీ శ్రుతి తప్పదు.

కానీ ఏళ్ల తరబడి అటక మీద ఉన్నది కదా, తిత్తిని ఎలుకలు కొరికాయి. కొడితే గాలి పక్కకు పోతున్నది. మొన్న దసరాకు పోతే మామ దాన్ని నా ముందు పెట్టాడు.

"పియానో మనిషిని పట్టుకొస్తివి గదా, ఈ తిత్తి కుట్టేటోన్ని కూడా ఒకన్ని చూడు కొడుకా."

కామారెడ్డిలో ఇద్దరిని అడిగాను. వాళ్లు మూడో మనిషిని అడగమన్నారు. వెతుకుతున్నాను.