ఓడిన మరునాటి ఆశ

ఇది ఒక అభిప్రాయ వ్యాసం. ఇందులోని ప్రతి మాటనూ మీరు ఒప్పుకోవలసిన పని లేదు. ఎక్కడ ఒప్పుకుంటున్నారో, ఎక్కడ ఒప్పుకోవడం లేదో పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ చదవండి.

మీకు ఇష్టమైన జట్టు ఎప్పుడైనా ఘోరంగా ఓడిపోయిందా? ఆ రాత్రి మీకు అన్నం సహించి ఉండదు. మరునాడు టీ కొట్టు దగ్గర నలుగురూ నాలుగు మాటలంటుంటే తల వంచుకొని ఉంటారు. "ఇక వీళ్ళ ఆట చూడను" అని ఒట్టు కూడా పెట్టుకొని ఉంటారు. అయినా మళ్ళీ ఆట రోజు వచ్చేసరికి, ఈసారి గెలుస్తారేమోనని ఆశగా చూస్తారు.

నేను కాలేజీలో చదివే రోజుల్లో మా ఫుట్‌బాల్ జట్టు ఫైనల్ పోటీలో అయిదు గోల్స్ తేడాతో ఓడింది. మేం కొందరం మా గోల్‌కీపర్‌తో వారం రోజులు మాట్లాడలేదు. అతను ఎదురుపడితే ముఖం తిప్పుకున్నాం. బంతి అన్నిసార్లు అతని దాకా ఎలా వచ్చిందని మాలో ఒక్కరం కూడా అడగలేదు. మరుసటి ఏడు అతను జట్టులో చేరలేదు. అప్పుడు కూడా మేం 'ఈసారి కప్పు మనదే' అనుకుంటూనే ఉన్నాం.

మాది ఆశేనా? కాదని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. ఓడిన జట్టు మీద ఆశ పెట్టుకోవడం తెలివితక్కువతనం కాదు. కాని ఆ ఆశ ఎలాంటిదో చూసుకోవాలి. "వచ్చేసారి అదృష్టం కలిసొస్తుందిలే" అనుకోవడం వట్టి ఎదురుచూపు. "ఎందుకు ఓడాం? ఏం దిద్దుకోవాలి?" అని అడగడం అసలైన ఆశ. ఇందుకు మన దేశపు ఫుట్‌బాల్ చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది.

పది గోల్స్ నేర్పిన పాఠం

1951లో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఫుట్‌బాల్ ఫైనల్లో మన జట్టు ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి స్వర్ణ పతకం గెలిచింది. మరుసటి సంవత్సరం ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. ఆసియా విజేతల మీద అభిమానులు ఎంత ఆశ పెట్టుకొని ఉంటారో మీరే ఊహించండి. 1952 జులై 15న మన జట్టు అప్పటి యుగోస్లావియాతో తలపడి 10-1 తేడాతో ఓడింది. మన ఒక్క గోల్‌నూ అహ్మద్ ఖాన్ ఆట చివరిలో చేశాడు.

ఈ ఓటమికి సాకులు దొరక్క పోలేదు. అక్కడి చలి మనవాళ్ళకు అలవాటు లేదు. యుగోస్లావియా సామాన్యమైన జట్టు కాదు, ఆ ఒలింపిక్స్‌లోనే రజత పతకం గెలిచింది. ఈ రెండూ నిజమే. కాని మూడో నిజం ఒకటుంది. మన ఆటగాళ్ళలో ఎక్కువ మంది బూట్లు లేకుండా ఆడారు. అంతకు నాలుగేళ్ళ ముందు లండన్ ఒలింపిక్స్‌లో వట్టి కాళ్ళతో ఆడి, ఫ్రాన్స్ చేతిలో 2-1 తేడాతో మాత్రమే ఓడాం. అందువల్ల వట్టి కాళ్ళ ఆటను మనం గొప్పగా చెప్పుకొనేవాళ్ళం. గొప్ప అనుకున్నదే లోపమని ఒప్పుకోవడం ఎవరికైనా కష్టం. హెల్సింకీ తర్వాత ఆ కష్టమైన పని జరిగింది. బూట్లు తప్పనిసరి అయ్యాయి.

ఆగి ఆలోచించండి: మీరు గొప్పగా చెప్పుకొనే అలవాటు ఏదైనా మీకే అడ్డు పడుతోందా?

ఒక ఉపాధ్యాయుడి పట్టుదల

ఆ రోజు ఓడిన జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులయ్యారు. బడిలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది.

మంచి ఉపాధ్యాయుడు తప్పు లెక్క చేసిన పిల్లవాణ్ణి తిట్టి ఊరుకోడు. ఏ మెట్టు దగ్గర తప్పాడో చూస్తాడు. రహీం గారు ఆటను కూడా అలాగే చూశారు. కుర్రవాళ్ళకు బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలనే నియమంతో పోటీలు పెట్టేవారు. బంతిని ఒక్కరే అట్టే పెట్టుకోకుండా వెంటనే తోటివాడికి అందించాలని నేర్పేవారు. ముందు వరసలో ఒకరిని కొంచెం వెనక్కి జరిపి ఆడించే కొత్త పద్ధతిని కూడా అలవాటు చేశారు.

ఫలితం వెంటనే రాలేదు. 1954లో మనీలా ఆసియా క్రీడల్లో మన జట్టు మొదటి దశ కూడా దాటలేదు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మాత్రం ఆతిథ్య దేశమైన ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించింది. ఆ ఆటలో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. సెమీఫైనల్లో మళ్ళీ యుగోస్లావియా ఎదురైంది. ఈసారి మొదటి గోల్ మనదే. చివరికి 4-1 తేడాతో ఓడాం. ఆ తర్వాత బల్గేరియా చేతిలో కూడా ఓడి నాలుగో స్థానంలో నిలిచాం.

పట్టికలో చూస్తే యుగోస్లావియాతో ఆడిన రెండూ ఓటములే. కాని పది గోల్స్‌కూ నాలుగు గోల్స్‌కూ మధ్య నాలుగేళ్ళ సాధన ఉంది. తెలిసిన అభిమాని దాన్ని చూస్తాడు.

1962లో జకార్తా ఆసియా క్రీడల్లో మన జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడింది. అయినా తర్వాత థాయ్‌లాండ్‌ను, జపాన్‌ను, దక్షిణ వియత్నాంను ఓడించి సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్‌కు చేరింది. ఎదురుగా మళ్ళీ దక్షిణ కొరియా. స్టేడియంలోని జనం మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. వెనక వరసలో ఆడే జర్నైల్ సింగ్ తలకు కుట్లు పడి ఉన్నాయి. రహీం గారు అతన్ని ముందు వరసలో ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ చేశారు. 2-1 తేడాతో స్వర్ణం మనదైంది. మన జంట నగరాల ఆటగాళ్ళు బలరాం, యూసుఫ్ ఖాన్ ఆ జట్టులో ఉన్నారు. మరుసటి సంవత్సరం జూన్‌లో రహీం గారు క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఆశ ఒక్కటే చాలదు

"ఆ తర్వాత ఏమైంది?" అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. 1962 తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్ళీ రాలేదు. 1960 రోమ్ తర్వాత ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన జట్టు ఆడనే లేదు. అభిమానులు ఆశపడడం మాత్రం మానలేదు. దీన్నిబట్టి ఆశ వృథా అని కొందరంటారు. నేను అలా అనుకోను. ఆశకు పని తోడైనప్పుడు ఏం జరిగిందో పదేళ్ళ చరిత్ర చెప్పింది. పని సన్నగిల్లితే ఆశ ఒక్కటే ఏమీ చేయలేదని తర్వాతి చరిత్ర చెబుతోంది.

కాబట్టి ఓటమి మరునాడు అభిమాని చేయవలసిన పనులు మూడు. ఓడిన ఆటగాణ్ణి అవమానించకూడదు. ఎందుకు ఓడామో తెలుసుకోవాలి. గెలుపు రాకపోయినా, తేడా తగ్గుతోందా అని గమనించాలి.

మీలో కొందరు పరీక్ష తప్పి ఉండవచ్చు. కొందరు బడి మానేసి చాలా ఏళ్ళు అయి ఉండవచ్చు. మార్కుల కాగితం చూసి "నా తలరాత ఇంతే" అనకండి. ఏ పాఠంలో మార్కులు పోయాయో చూడండి. కిందటిసారి పదిహేను వచ్చిన చోట ఈసారి ఇరవై ఎనిమిది వస్తే, గట్టెక్కకపోయినా అది మీ మెల్‌బోర్న్ అనుకోండి.

మా గోల్‌కీపర్ ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. కనిపిస్తే క్షమాపణ చెప్పుకోవాలని ఉంది.

ఆలోచించి రాయండి

1. ఎదురుచూపుకూ ఆశకూ రచయిత చెప్పిన తేడా ఏమిటి? మీరు ఒప్పుకుంటారా?
2. హెల్సింకీ ఓటమికి వ్యాసంలో చెప్పిన కారణాలు ఏవి? వాటిలో మన చేతిలో ఉన్నది ఏది?
3. మీ జీవితంలో ఎదురైన ఒక ఓటమి గురించి, దాని నుంచి మీరు దిద్దుకున్న దాని గురించి పది వాక్యాలు రాయండి.