దాచిన నిజమే దడ పుట్టించింది

కొవిడ్ టీకాకు జనం జంకారని, మూఢత్వంతో వెనకాడారని చెప్పడం మన అధికార యంత్రాంగానికి అలవాటైపోయింది. జనంలో భయం ఉన్నమాట నిజం. ఆ భయాన్ని పెంచినవారెవరో ఎవరూ చెప్పరు. పాలకులు, నియంత్రణ సంస్థలు నిజాన్ని నిజంగా చెప్పి ఉంటే అందులో సగం భయం పుట్టేదే కాదు.

2021 జనవరి 3న కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ కొవిషీల్డ్, కొవాగ్జిన్‌ల అత్యవసర వినియోగానికి ఒకేసారి పచ్చజెండా ఊపింది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన కొవాగ్జిన్‌కు అప్పటికి మూడోదశ ప్రయోగాల ఫలితం రాలేదు. 25,800 మందిని ఎంచుకుని తలపెట్టిన ఆ ప్రయోగం మొదలై రెండు నెలలైనా కాలేదు. టీకా ఎంతమేర కాపాడుతుందో తేలకముందే ‘క్లినికల్ ట్రయల్ పద్ధతి’లో ఇవ్వవచ్చన్నారు. అంటే ఏమిటో, వేయించుకునే మనిషి ప్రయోగంలో ఉన్నట్టా లేనట్టా అన్నది సామాన్యుడికి అర్థమయ్యేలా వివరించినవారు లేరు. పైపెచ్చు, రెండు టీకాలూ నూటికి నూటపది శాతం సురక్షితమని ఔషధ నియంత్రణాధికారి ప్రకటించారు. జ్వరం మాత్రకు కూడా వైద్యశాస్త్రం అలాంటి హామీ ఇవ్వదు. ఆ సంగతి డాక్టర్లందరికీ తెలుసు.

అందుకే ముందుగా ఆగిపోయింది వాళ్లే. జనవరి 16న టీకా కార్యక్రమం మొదలైన రోజునే ఢిల్లీలోని రామ్‌మనోహర్ లోహియా ఆస్పత్రి రెసిడెంట్ డాక్టర్లు కొవాగ్జిన్ బదులు కొవిషీల్డ్ ఇవ్వాలని కోరుతూ లేఖ రాశారు. ఆ రోజు దేశమంతటా మూడు లక్షల మంది ఆరోగ్య సిబ్బందికి వేయాలనుకుంటే, వేయించుకున్నది రెండు లక్షల మంది. టీకా నమోదుకు వాడిన కొవిన్ యాప్ మొరాయించడం అందుకు ఒక కారణం. సందేహం మరో కారణం. తెల్లకోటు వేసుకున్నవాళ్లే ఆగి చూస్తుంటే, వాళ్లను చూసి నడిచే పల్లె జనం ముందుకు రావాలని ఎలా ఆశించారు?

కొవాగ్జిన్ మంచి టీకా. మార్చిలో మధ్యంతర ఫలితం, జులైలో 77.8 శాతం సామర్థ్యం చూపిన తుది ఫలితం వచ్చాయి. నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని గుర్తించింది. తొందరపడకుండా ఆ మొదటి ఫలితం దాకా రెండు నెలలు ఓపిక పట్టి ఉంటే, మన శాస్త్రవేత్తల కృషికి అనుమానపు మచ్చ అంటేది కాదు. దేశభక్తి పేరిట చేసిన తొందర దేశీయ టీకాకే చేటు తెచ్చింది.

తెలుగునేల మీద ఈ అపనమ్మకానికి ఇంకా పాత గాయం ఉంది. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు చేపట్టారు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి నడిపిన పని అది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు సూదులు వేశారు. వారిలో హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన బాలికలు ఎందరో. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు ఎన్నోచోట్ల వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టేశారు. కన్నవారికి మాటమాత్రం చెప్పకుండా పిల్లల భుజానికి సూది గుచ్చడం ఏ చట్టం ప్రకారం సమ్మతి అవుతుంది?

రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు నిలిపివేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేదని విచారణ కమిటీ తేల్చింది. అది కాదనడానికి మా దగ్గర ఆధారాలు లేవు. కానీ సమ్మతి తీసుకున్న తీరును, దుష్ప్రభావాలను నమోదు చేసే ఏర్పాటు లేకపోవడాన్ని 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆ నివేదిక ఢిల్లీలో దుమ్ము పట్టింది. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల ముందు కూర్చుని ఏం జరిగిందో వాళ్ల భాషలో చెప్పే పని ఎవరి మీద పెట్టారు? ఎవరినీ బాధ్యులను చేయకుండా ఫైలు మూసేసి, పదేళ్ల తర్వాత అదే ఏజెన్సీ గూడేలకు మరో సూది తీసుకెళ్లి ‘నమ్మండి’ అంటే, ఆ మాటకు విలువ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇలా ఖాళీగా వదిలేసిన చోటనే పుకారు కూర్చుంది. సూది వేయించుకుంటే రెండేళ్లలో పోతారట, పిల్లలు పుట్టరట, మగతనం పోతుందట. 2021 మేలో ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ జిల్లాలో టీకా బృందాన్ని చూసి కొందరు గ్రామస్థులు సరయూ నదిలో దూకారు. వైరస్ కన్నా సూదికే ఎక్కువ భయపడే స్థితికి మనుషుల్ని తెచ్చినవారిలో పుకార్లు పుట్టించినవాళ్లున్నారు, వాటిని చూస్తూ ఊరుకున్నవాళ్లూ ఉన్నారు. అదే ఏడాది ఫిబ్రవరిలో యోగా గురువు రామ్‌దేవ్ ‘కొరోనిల్’ మందు కార్యక్రమానికి కేంద్ర ఆరోగ్యమంత్రే స్వయంగా హాజరయ్యారు. మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య కొవిడ్‌కు ఇచ్చిన నాటు మందు కోసం వేలమంది ఒకరి మీద ఒకరు పడుతుంటే ప్రజాప్రతినిధులు అండగా నిలిచారు. పరీక్షకు నిలవని మందుకు పెద్దలే గొడుగు పట్టాక, పరీక్షకు నిలిచిన టీకాను నమ్మమని చెప్పే నైతిక బలం వారికి మిగలలేదు.

ఇంతలో కొవిడ్ రెండో ఉప్పెన ఇళ్లను ఊడ్చేసింది. మేలో అందరూ టీకా కోసం ఎగబడ్డారు. అప్పుడు టీకా లేదు. జనాభా 130 కోట్లు దాటిన దేశం జనవరిలో కొవిషీల్డ్ 1.1 కోట్లు, కొవాగ్జిన్ 55 లక్షల డోసులతో సరిపెట్టుకుంది. కేంద్రానికి రూ.150కి వచ్చే డోసుకు రాష్ట్రాలకో ధర, ప్రైవేటు ఆస్పత్రులకో ధర పెట్టారు. 18 నుంచి 44 ఏళ్లవారి విషయంలో ఈ విధానం ప్రాథమికంగా ఏకపక్షం, అహేతుకం అని మే 31న సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. తెల్లవారుజామున వరుసలో నిలబడి ‘స్టాకు లేదు’ అన్న బోర్డు చూసి తిరిగొచ్చిన మనిషిని పట్టుకుని, నువ్వు భయపడ్డావు అనడం అన్యాయం. జూన్ 20న ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కరోజే 13 లక్షలకు పైగా డోసులు వేశారు. ఊళ్లో తెలిసిన ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త, వలంటీరు ఇంటికొచ్చి పిలిస్తే, చేతిలో టీకా కూడా ఉంటే, జనం ఎలా కదులుతారో ఆ రోజు తేలిపోయింది.

దుష్ప్రభావాల విషయంలో జరిగింది మరీ ఘోరం. కొవిషీల్డ్ వల్ల అత్యంత అరుదుగా రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని 2021 మేలోనే కేంద్ర కమిటీ గుర్తించింది. మన దేశంలో పది లక్షల డోసులకు 0.61 కేసులన్నది ఆ కమిటీ లెక్క. ప్రమాదం ఒకటి, దాంతో పోలిస్తే ప్రాణాలు కాపాడే మేలు ఎన్నో రెట్లు అని చెప్పడానికి ఇంతకన్నా మంచి అంకె దొరకదు. ఆ అంకెను ప్రతి పంచాయతీ గోడ మీద రాయాల్సింది పోయి పత్రికా ప్రకటనకే వదిలేశారు. 2024లో కొవిషీల్డ్ మూల టీకా కంపెనీ ఆస్ట్రాజెనెకా బ్రిటన్ కోర్టులో అదే విషయం ఒప్పుకున్నప్పుడు, మూడేళ్ల కిందటే తెలిసిన నిజం మన ఇళ్లలో కొత్త దుర్వార్తలా పేలింది. ఆ వారం ఫోన్లలో తిరిగిన భయానికి బాధ్యత ఎవరిది?

టీకా కోసం ఎవరినీ బలవంతపెట్టకూడదని, ప్రయోగ వివరాలను, దుష్ప్రభావాల సమాచారాన్ని ప్రజల ముందు పెట్టాలని 2022 మే 2న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మన గ్రామీణ ఆరోగ్య కేంద్రాల్లో ఆ సమాచారం తెలుగులో కనిపిస్తుందా? కోయ, గోండి భాషల్లో వినిపిస్తుందా?

ఇదంతా పాత కథ అనుకోవడానికి లేదు. బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను ప్రోత్సహిస్తామని 2024 మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. ఈ టీకా ఎందరో ఆడబిడ్డలను కాపాడగలదు. ప్రతి తల్లీ తన కూతురికి వేయించాలనే మేం కోరుతున్నాం. 2009లో ఖమ్మంలో సూది వేయించుకున్న పిల్లలు ఇప్పుడు తల్లులయ్యే వయసులో ఉన్నారు. వాళ్ల దగ్గరకు వెళ్లేముందు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు నాటి తప్పును బహిరంగంగా ఒప్పుకోవాలి. సమ్మతి పత్రం తల్లి భాషలో ఉండాలి, చదవలేనివారికి చదివి వినిపించాలి. ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలో, నష్టపరిహారం ఎవరిస్తారో అందులో రాసి ఉండాలి. ఇంత కూడా చేయకుండా సిరంజీలు పంపితే, ఆ టీకాకు దూరమయ్యే ప్రతి బాలిక విషయంలోనూ ముద్దాయి ప్రభుత్వమే.